క్వారీ వైపు తిప్పిన యాంటెనా

నా పేరు ఎల్మా గ్రిగ్స్. వయసు డెబ్బై ఒకటి. భర్త నెవిల్ గ్రిగ్స్, అందరూ నెవ్ అంటారు. ఉండేది బిల్లాకూర్‌లో, పాత డెయిరీ రోడ్డులో ఆఖరి ఇల్లు. ముప్ఫై ఏళ్ళు గొర్రెల ఉన్ని కత్తిరించే షెడ్లలో వంట చేశాను. చదువు ఆరో తరగతితో ఆగిపోయింది.

నన్నెవరూ పిలవలేదు. నా అంతట నేనే పోలీసు స్టేషన్‌కు వచ్చాను. మా అక్క కొడుకు గ్లిన్ టాస్కర్ బుల్డోజర్ నడుపుతాడు. అడవి మంటల రోజున కదలొద్దన్న చోటు వదిలి వెళ్ళాడని, అందుకే మా ఊరి డల్సీ లోరీ ఇల్లు కాలిపోయిందని వాడి మీద విచారణ పెట్టారు. ఎవరి మాట మీద వెళ్ళావని అడిగితే ఎవరూ చెప్పలేదు, నేనే వెళ్ళానంటున్నాడట. వెళ్ళమన్న మాట నాది.

నెవ్‌కు అరవై తొమ్మిది. మా ఊరి వాలంటీర్ల ఫైరింజన్ నడుపుతాడు. ఆయన బండెక్కితే తిరిగొచ్చేదాకా నాకు దిగులే. నా పోరు పడలేక పోయిన ఏడాది వంటింటి కిటికీలో స్కానర్ పెట్టాడు. ఫైరింజన్ల మాటలు అందులో వినపడతాయి. అది వింటుందే గాని మాట్లాడదు. దానితో వచ్చిన చిన్న యాంటెనాతో గరగర తప్ప ఏమీ రాలేదు. నవంబరు రెండో ఆదివారం నీళ్ళ ట్యాంకు పక్కన ఇనప పైపు నిలబెట్టి, దాని పైన చువ్వల యాంటెనా బిగించాడు. మొదట టీవీ యాంటెనా లాగా చువ్వలు అడ్డంగా పెట్టాడు.

"వినపడుతోందా?" అని నిచ్చెన మీంచి అరిచాడు.

"ఎవరో నోట్లో నీళ్ళు పోసుకుని మాట్లాడుతున్నట్టుంది. ముందు నువ్వు దిగు. జారితే?"

"జారితే నీకు కొత్త దిగులు దొరుకుతుందిలే. పాతవి అరిగిపోయాయిగా."

తర్వాత పెట్టెలో కాగితం చదువుకుని చువ్వలు నిలువుగా తిప్పాడు, దువ్వెన నిలబెట్టినట్టు. పొట్టి చువ్వ ఉన్న కొసను, బండ్ల మాటలు అందుకుని పంపే కొండ మీది టవర్ వైపు పెట్టగానే మాట పక్కగదిలోంచి వచ్చినట్టు వచ్చింది. పైపును కింద నుంచే తిప్పుకునేలా బిగింపు పెట్టాడు. "పొట్టి చువ్వ ఎటుంటే అటు వింటుంది. టవర్ వైపే ఉండనీ, నువ్వు ముట్టుకోకు," అన్నాడు. నేను ముట్టుకున్నాను. టవర్ లేకుండా బండ్లు నేరుగా మాట్లాడుకునేటప్పుడు, ఆయన బండి ఏ దిక్కున ఉంటే ఆ దిక్కుకు తిప్పి చూసేదాన్ని. సరిగ్గా అటు తిరిగితే గొంతు పెద్దదయ్యేది, పక్కకు పోతే సన్నబడేది. నాకెలా తెలిసిందని అడుగుతారు గనక ఇదంతా చెబుతున్నాను.

ఆయన గొంతు పావుగంట వినపడకపోతే, ఫైరింజన్లను పంపే కంట్రోల్ రూమ్‌కు ఫోన్ చేసేదాన్ని. అక్కడ నా పేరు అందరికీ తెలుసు. విసిగించిన మాట నిజమే.

జనవరి తొమ్మిది, శుక్రవారం. ఉదయం పదకొండు నలభైకి నెవ్ ఇంకో ఇద్దరితో బండిలో వెళ్ళాడు. చుట్టి ఇచ్చిన శాండ్‌విచ్ బల్ల మీదే మర్చిపోయాడు. మధ్యాహ్నం రెండు ఇరవైకి స్కానర్ ఒక్కసారిగా మూగబోయింది. టవర్ కాలిపోయిందని తర్వాత తెలిసింది. రెండు ఇరవై ఏడుకు, బండి నుంచి బండికి నేరుగా మాట్లాడుకునే ఏడో చానల్‌లో ఆయన గొంతు సన్నగా వచ్చింది.

"కంట్రోల్, ఇది బిల్లాకూర్ రెండో బండి. చెక్క వంతెన దారిలో ఉన్నాం. ముందూ వెనకా మంటే. ముగ్గురం ఉన్నాం."

ఎవరూ పలకలేదు. మళ్ళీ పిలిచాడు. ఎవరూ పలకలేదు. "నెవ్, నాకు వినపడుతోంది," అని స్కానర్‌తో చెప్పాను. చెప్పుకోవటానికి సిగ్గుగా ఉంది. రెండుసార్లు చెప్పాను.

స్కానర్ గొంతు పూర్తిగా పెంచి బయటికి వెళ్ళాను. చెక్క వంతెన మాకు ఉత్తరాన ఉంది. అటు తిప్పితే గొంతు దాదాపు పోయింది. నేనే తప్పు తిప్పాననుకున్నాను. ఆయన నిమిషానికోసారి పిలుస్తున్నాడు, పిలిచినప్పుడల్లా పైపు కొంచెం తిప్పాను. తూర్పున పాత క్వారీ వైపు తిరిగేసరికి కిటికీ అద్దం అదిరేంత గట్టిగా వచ్చింది. నమ్మకం చాలక చుట్టూ ఇంకోసారి తిప్పాను. మళ్ళీ క్వారీ దగ్గరే. పొగలో దారి తప్పారు, తప్పినట్టు వాళ్ళకే తెలియదు.

రెండు ముప్ఫై ఎనిమిదికి కంట్రోల్ రూమ్‌కు ఫోన్ చేశాను. ఒక అమ్మాయి ఎత్తింది.

"గ్రిగ్స్ గారా? అమ్మా, పొద్దున్నుంచి ఇది తొమ్మిదోసారి."

"ఈసారి వేరే. మా వాళ్ళు వంతెన దగ్గర ఉన్నామనుకుంటున్నారు, కాదు. పాత క్వారీ దగ్గర ఉన్నారు."

"మీకెవరు చెప్పారు?"

"యాంటెనా అటు తిరిగి ఉంది."

"అమ్మా, దయచేసి లైను వదలండి. ఇక్కడ మనుషుల ప్రాణాల మీదికొచ్చింది."

"నేను చెప్పేదీ అదే," అన్నాను. పెట్టేసింది. ఆ పిల్లను తప్పు పట్టను. అంతకు ముందు ఎనిమిదిసార్లు ఏమీ లేకుండానే చేశాను.

రెండు నలభై ఒకటికి గ్లిన్‌కు చేశాను. వాడు డల్సీ ఇంటి వెనక మంట దాటకుండా నేల గీకుతున్నాడు.

"పిన్నీ, ఇప్పుడు కాదు."

"బాబాయి వాళ్ళు పాత క్వారీలో ఇరుక్కున్నారు. నువ్వెళ్ళి దారి తెరవాలి."

"నన్ను కదలొద్దన్నారు. ఇంకా వంద గజాలు గీకాలి. ఎవరు వెళ్ళమన్నారు?"

కిటికీలో నెవ్ మళ్ళీ పిలుస్తున్నాడు. ఈసారి మధ్యలో దగ్గాడు.

"కంట్రోల్ వాళ్ళే," అన్నాను.

"ఖాయమేనా? నీ దిగులు కాదుగా పిన్నీ?"

"ఖాయం. ఇప్పుడే చెప్పారు."

ఎవరూ చెప్పలేదు. అబద్ధమాడాను. డల్సీ ఇంట్లో ఉందో లేదో కూడా అడగలేదు. పొద్దున్నే ఆమెను ఊరు దాటించారని నాకు సాయంత్రం తెలిసింది. ఫోన్ చేసినప్పుడు తెలియదు, అడగలేదు. అది కూడా రాయండి.

మూడు ఐదుకు డల్సీ ఇల్లు అంటుకుంది. మూడు పంతొమ్మిదికి గ్లిన్ క్వారీ చేరాడు. ముగ్గురూ తడి దుప్పట్ల కింద ఉన్నారు. ముగ్గురూ బతికారు. నెవ్ రెండు చేతులూ కాలాయి.

మర్నాడు గ్లిన్ మా ఇంటికి వచ్చాడు. కంట్రోల్ తనను పంపలేదని వాడికి అప్పటికే తెలిసింది. ట్యాంకు దగ్గర నిలబడి యాంటెనా వైపు చూశాడు. తిడతాడనుకున్నాను.

"నువ్వేం మాట్లాడకు పిన్నీ. నా అంతట నేనే వెళ్ళానని చెబుతా," అన్నాడు.

సరేనన్నాను. పదకొండు రోజులు నోరు మూసుకున్నాను. వాడి లైసెన్సు తీసేస్తారని నిన్న విన్నాను.

నెవ్ ఆస్పత్రిలో ఉన్నాడు. నేనే సూపు తాగిస్తున్నాను. "టవర్ పోయినా మా మాట కంట్రోల్‌కు చేరింది చూశావా? ఊరికే తిడతాం వాళ్ళని," అంటున్నాడు. మూతి తుడిచాను గాని చెప్పలేదు. ఆయనకు ఇది ఇంకెవరూ చెప్పొద్దు, ఈ సాయంత్రం నేను చెబుతాను.

మళ్ళీ అలాంటి రోజు వస్తే ఏం చేస్తారని, ఇది రాసుకుంటున్న సార్జెంట్ గారు అడిగారు. జవాబు రాయనక్కర్లేదన్నారు. రాయమన్నాను. మళ్ళీ ఆ అబద్ధమే ఆడతాను. కాని డల్సీ ఇంట్లో ఉందా అని ముందు అడుగుతాను.

ఇదంతా నాకు రెండుసార్లు చదివి వినిపించారు. నేను చెప్పినట్టే ఉంది. ఎవరి బలవంతమూ లేదు. ఇందులో ఉన్న అబద్ధం ఆ రోజు గ్లిన్‌తో నేనన్న మాటొక్కటే, తక్కినదంతా నిజం.

ఎల్మా గ్రిగ్స్ (సంతకం)
జనవరి 21, ఉదయం 10.50