ఒక గీత తక్కువ పేరు

కోబె ఊళ్లో చైనావాళ్ల వీధి. షెన్ ద-మావ్ దర్జీకొట్టు. ముసలాయన ఎవరిదో కోటు ఇచ్చి తిరిగొచ్చేసరికి, పురిటిబిడ్డతో వచ్చిన కూతురు షుయున్, జపాను అల్లుడు యోషియాకి కొట్లో గోడకి ఓ కాగితం తగిలించి, ఆయన మొహం వెలిగిపోతుందని కాచుక్కూచున్నారు. మొహం వెలగలేదు గానీ కొట్టు అంటుకున్నంత పనైంది.

"తియ్యి. ముందు దాన్ని గోడ మీంచి తియ్యి."

"నాన్నా, కాస్త కూచో. ఎండన పడి వచ్చావు—"

"కూచోను. తియ్యమన్నానా!"

"మామయ్యగారూ, అది మా నాన్నగారు స్వయంగా కుంచెతో రాసిన పేరు. బాబు పుట్టిన ఏడో రోజున మా ఇంట్లో గోడకి పెట్టాం. ఇవాళ మీకు చూపిద్దామని..."

"చూశాను. నాకు కళ్లున్నాయి. పైన మీ యోషి, కింద నా మావ్. నా పేరులోంచి అక్షరం పీక్కుపోయి ఆ పసిగుడ్డుకి తగిలించారు. ఏం, నేనేమన్నా చచ్చానా?"

"అవేం మాటలు నాన్నా! నీమీద గౌరవంతోనే కదా—"

"గౌరవమా! ఇది గౌరవమైతే ఇక చెప్పుతో కొట్టడాన్ని ఏమంటారు?"

"మామయ్యగారూ, మా తాత యోషినోరి, మా నాన్న యోషిమిచి, నేను యోషియాకి. పెద్దవాళ్ల అక్షరం పిల్లాడికి ఇవ్వడాన్ని మించిన గౌరవం మాకు లేదు. మా వైపు నుంచి ఒకటి, మీ వైపు నుంచి ఒకటి కలిపితే బాగుంటుందనుకున్నాం."

"అనుకున్నారు. ఎవరినడిగి అనుకున్నారు? పిల్లనిమ్మని అడగడానికి నాలుగుసార్లు వచ్చావు. వానలో ఆ గుమ్మం దగ్గర నిలబడ్డావు. అక్షరం ఎత్తుకెళ్లేటప్పుడు మాత్రం ఒక్కసారి అడుగుదామనిపించలేదా?"

"ఆయన్నేమీ అనకు. ముందు చెప్పొద్దన్నది నేనే."

"నువ్వే అన్నావా! వాడంటే జపానువాడు, వాడికి తెలీదు. నీకేమొచ్చింది? షెన్ వాళ్లింట్లో పుట్టి, పెద్దవాళ్ల పేరు పిల్లలకి పెట్టకూడదని తెలీదూ?"

"తెలుసు. అవన్నీ పాతకాలం పట్టింపులు, నీకిప్పుడు లేవనుకున్నా."

"మళ్లీ అనుకోవడమే! రేపు వాడు పక్క తడుపుతాడు. 'మావ్, సిగ్గులేదురా' అంటావు. అన్నం తినడు. గిన్నె పట్టుకుని వెంటపడి, నా పేరు పెట్టి వీధి చివరిదాకా కేకలేస్తావు. కన్నకూతురు నన్ను పేరు పెట్టి తిడుతుంటే నేను లోపల మిషను ముందు కూచుని వింటూ ఉండాలి. అంతేనా?"

"మావ్ అని ఎవరంటారు? వాళ్లింట్లో ఆ అక్షరాన్ని షిగె అని చదువుతారు. వాడు యోషిషిగె. మావ్ అన్న మాటే నీ చెవిన పడదు."

"అక్షరం ఒకటేనా, కాదా?"

"ఒకటే."

"గీతలన్నీ అవేనా?"

"అవే. అయితే ఏమిటి?"

"నోరు మారితే అక్షరం మారుతుందా? యాభై ఏళ్లుగా ఈ ఊరు ఊరంతా నన్ను 'చిన్‌గారూ, చిన్‌గారూ' అంటోంది. నా ఇంటిపేరుని వాళ్లు అలాగే చదువుతారు. షెన్ అన్నవాడు ఒక్కడు లేడు. అంతమాత్రాన నేను షెన్‌ని కాకుండా పోయానా? ఎవడెలా పలికినా రాతలో ఉన్నది నేను. ఆ గోడ మీద వేలాడుతున్నదీ నేనే. తియ్యి దాన్ని!"

"తీస్తాను మామయ్యగారూ. కానీ బాబు పుట్టి ఇవాళ పధ్నాలుగో రోజు, గడువు ఇవాళే ఆఖరు. ఐదింటిలోగా వార్డు ఆఫీసులో పేరు రాయించాలి. ఫారం కూడా నింపి తెచ్చాం. మీరు వద్దంటే—"

"వద్దు."

"ఇంకో పేరు వెతకడానికి ముప్పావుగంటే ఉంది."

"ముప్పావుగంట చాలా ఎక్కువ. మీ యోషి పక్కన ఏ కొండ పేరో, ఏటి పేరో తగిలించు. లోకంలో అక్షరాలకి కరువొచ్చిందా?"

"నాన్నా, నువ్వు లోపలికొచ్చి అరగంటైంది. వాడి మొహం చూశావా? ఒక్కసారన్నా ఎత్తుకున్నావా? వచ్చిన దగ్గర్నించీ ఆ గోడతోనే దెబ్బలాడుతున్నావు."

"ఏమని పిలిచి ఎత్తుకోమంటావు? వాడికి నెల నిండితే ఈ వీధిలో ఇంటింటికీ ఎర్రగుడ్లు పంచాలి. పిల్లాడి పేరేమిటని అడుగుతారు. 'నా పేరేనండీ, మా అమ్మాయి నన్నే కనింది' అని చెప్పుకోనా? మా సొంతూరు నింగ్పోవాళ్లు గుడ్డు పుచ్చుకుని, నా వీపు వెనక నవ్వుతారు."

"నవ్వనీ! వాళ్లు నవ్వుతారని నా కొడుకు పేరు చెరిపేసుకోవాలా? నాకు పేరు నచ్చింది, ఆయనకి నచ్చింది, మా మామగారు మూడు రోజులు కుంచె పట్టుకుని కూచున్నాడు. నీ కోసమే, నీ అక్షరం బాగా రావాలనే!"

"ఆయనకి తెలీదు, నీకు తెలియాలి! పెద్దవాళ్ల పేరంటే నీకు ఆటగా ఉంది. నేను బళ్లో చదువుకునేటప్పుడు పాఠంలో మా నాన్న పేరులోని అక్షరం వస్తే పైకి చదివేవాణ్ణి కాదు. నోరు మూసుకుని దాటేసేవాణ్ణి. రాయక తప్పకపోతే ఒక గీత తగ్గించి రాసేవాణ్ణి. రాక కాదు. ఆ అక్షరం పూర్తిగా రాసే అధికారం కొడుక్కి లేదని. మా పంతులు కూడా దానికి తప్పు పెట్టేవాడు కాదు. అదీ పెంపకమంటే!"

"ఒక గీత తగ్గించా?"

"ఒక్క గీత. చివరిది."

"చివరిదేనా?"

"చివరిదే. ఎందుకలా గుడ్లప్పగించి చూస్తావు?"

"నా స్కూలు కోటు."

"ఏ కోటు?"

"నీలం కోటు. ఏటేటా నువ్వే కుట్టేవాడివి. కాలరు లోపల తెల్లదారంతో నా పేరు కుట్టేవాడివి. షుయున్‌లో యున్‌కి చివరి గీత ఉండేది కాదు."

"దారం అయిపోయుంటుంది."

"ఆరేళ్లూ అక్కడికొచ్చేసరికే దారం అయిపోయిందా?"

"పనివాడి చేతిలో ఎక్కడో ఓచోట..."

"కాజా వెంట్రుకంత పక్కకి పోతే కోటంతా విప్పేసే మనిషివి నువ్వు! కోటొక్కటే కాదు. నా పుస్తకాల మీద కూడా పేరు నువ్వే రాసేవాడివి. వాటి మీదా ఆ గీత లేదు. టీచరు ప్రతి పుస్తకం మీదా ఎర్ర సిరాతో ఆ గీత గీసేది. 'మీ నాన్నకి కూతురి పేరు రాయడం కూడా రాదా' అని క్లాసు క్లాసంతా నవ్వేది. నీకు చదువు రాదనుకుని నేను సిగ్గుతో చచ్చేదాన్ని. నీకు చెబితే బాధపడతావని ఒక్కనాడూ చెప్పలేదు."

"ఎప్పటెప్పటి సంగతులో ఇప్పుడెందుకు తవ్వుతావు? ఐదైపోతుంది. పోండి, వెళ్లి ఏదో ఒక పేరు రాయించుకోండి."

"యున్ ఎవరు?"

"నువ్వే. ఇంకెవరు?"

"నాకంటే ముందు ఎవరు నాన్నా?"

"పిల్లాడు ఏడుస్తున్నాడు. చూసుకో."

"ఏడవనీ. ఎవరి పేరు పూర్తిగా రాయడానికి నీకు చెయ్యి రాలేదు?"

"షుయున్, మామయ్యగారిని కాస్త కూచోనీ. కాసిని మంచినీళ్లు—"

"మీరు ఆగండి! నాన్నా, చెప్పు."

"మా అమ్మది."

"ఏమిటీ?"

"మా అమ్మదే. చెవుడా నీకు? పందొమ్మిదో ఏట ఓడెక్కాను. రెండేళ్లలో వస్తానన్నాను. తర్వాత యుద్ధం, దాని తర్వాత దారులే మూసుకుపోయాయి. ఆవిడ పోయిన మూడేళ్లకి నాకు ఉత్తరం అందింది. ఆ నెల్లోనే నువ్వు పుట్టావు."

"అందుకా! అమ్మ బతికున్నన్నాళ్లూ నన్ను 'పిల్లా' అనే పిలిచింది. ఒక్కసారి కూడా పేరు పెట్టి పిలవలేదు. నేనంటే ఇష్టం లేదేమో అనుకునేదాన్ని!"

"అత్తగారి పేరు నోటితో ఎలా అంటుంది? నేను నీకా పేరు పెట్టానని మూడు నెలలు నాతో మాట్లాడలేదు మీ అమ్మ."

"నీకు మాత్రం అనడానికి నోరెలా వచ్చింది? ముప్ఫై రెండేళ్లుగా నువ్వు రోజుకి పాతికసార్లు కన్నతల్లిని పేరు పెట్టి పిలిచావు. 'యున్, టీ తే.' 'యున్, సూది ఏదీ?' ఇస్త్రీ మాడితే 'యున్, నీకు బుర్ర ఉందా?' నువ్వు చేస్తే తప్పు లేదు. నా కొడుకు దగ్గరికొచ్చేసరికి పద్ధతులూ, పెంపకాలూనా?"

"తప్పని ఎవరు కాదన్నారు? తప్పే. తెలిసే చేశాను. కొడుకుగా ఆ పేరు పైకి అనకూడదు. అందామన్నా ఎదురుగా మనిషి లేదు. ఈ దేశంలో ఆ పేరు తెలిసినవాడే లేడు. ఇంట్లో ఎక్కడో ఓచోట అది వినపడకపోతే పిచ్చెక్కుతుందనిపించింది. పెట్టేశాను. చేసిన తప్పుకి ఆ ఒక్క గీతన్నా తగ్గించాను."

"మరి నీ పేరు మాకు వినపడొద్దా?"

"నా సంగతి వదిలెయ్యి."

"చెప్పు నాన్నా. రేపు నువ్వు లేకపోతే నీ పేరు మాత్రం ఎవరంటారు? ఈ ఊరివాళ్లు చిన్‌గారనే అంటారు. నేను అనకూడదు. నా కొడుకు అనకూడదు. నిన్ను పేరు పెట్టి పిలవగలిగిన పెద్దవాళ్లు నింగ్పోలో ఒక్కరన్నా మిగిలారా?"

"మా అన్నయ్య ఉండేవాడు."

"ఉండేవాడు."

"మామయ్యగారూ, క్షమించండి. నాలుగున్నర దాటింది. కాగితం తీసేశాను. ఫారంలో పేరు కొట్టేసి—"

"ఆ ఫారం ఇటివ్వు."

"నాన్నా, చింపకు!"

"నోర్ముయ్. కళ్లజోడేదీ? ఆ... ఇది రాసిందెవరు?"

"నేనే, మామయ్యగారూ."

"నా అక్షరం ఇలాగేనా రాసేది? ఈ చివరి గీత చూడు, కలం ఆనించీ ఆనించనట్టు, కనపడీ కనపడకుండా! దిద్దు. గట్టిగా నొక్కి దిద్దు. ఒక్క గీత తగ్గిందో, నీ చేతులు విరుగుతాయి. దిద్దావా? ఇక పరిగెత్తు. ఆ కాగితం ఎందుకు చుడుతున్నావు, ఎవరు చుట్టమన్నారు? మళ్లీ గోడకి పెట్టి మరీ పో."

"నాన్నా..."

"ఏడుపు ఆపి పిల్లాణ్ణి ఇలా తే. ఒక్క మాట చెబుతున్నా, విను. మీ ఆయన ఇంట్లో వాణ్ణి ఏమన్నా అనుకోండి, ఈ కొట్లో మాత్రం షిగె గిగె అన్నారంటే ఊరుకోను. మావ్ అనే పిలవాలి. తిడితే తిట్టు, మా అమ్మ నన్ను తిట్టకుండా ఏనాడూ పిలవలేదు. కానీ గట్టిగా పిలువు, మిషను చప్పుడులో కూడా నాకు వినపడాలి."