తీగ మీద విడివిడిగా ఆరేసిన గుడ్డలు

రేపు మొగుణ్ణి మట్టిలో పెట్టబోతూ ఇవాళ స్టవ్వు మీది ఇనప జాలీలు తోముతూ కూర్చున్నావని నేను తప్పుపట్టను గ్లెనిస్. పనిచేసే చేతిని నేనెప్పుడూ తిట్టలేదు. నీకు సిగ్గు లేదంటున్నది జాలీలు చూసి కాదు, పెరట్లో ఆ తీగ చూసి. నూనె గుడ్డలు ఒక్కొక్కటీ విడివిడిగా, ఒకదానికొకటి తగలకుండా, క్లిప్పులు పెట్టి మరీ ఆరేశావే, ఎందుకు?

తల తిప్పకు. పక్క గేటు నుంచి వచ్చాను, కళ్ళారా చూశాను.

అసలు నేను వచ్చింది వేరే పని మీద. పొద్దున్నే డారెల్ దగ్గరికి వెళ్ళాను. మా తమ్ముడు వదిలేసిన ఫైర్ బ్రిగేడ్ కెప్టెన్ పదవి ఇప్పుడు వాడిదే కదా. ఫైర్ స్టేషన్ ముందు బండి కడుగుతున్నాడు. "రేపు మా తమ్ముడు మెర్వ్ శవపేటిక మీద, బ్రిగేడ్ మర్యాదగా, హెల్మెట్ పెట్టించు నాయనా" అని అడిగాను. ఎవరి ముందూ చెయ్యి చాచని దాన్ని, చాచాను.

వాడు గొట్టం కట్టేసి తల దించుకున్నాడు. "నోరీన్ ఆంటీ, నాకీ గొట్టం పట్టుకోవడం నేర్పిందే మెర్వ్. నాకు మాత్రం లేదా ఆ కోరిక? కుర్రాళ్ళు ఒప్పుకోవట్లేదు. నిప్పు వెలిగించకూడని రోజున సొంత షెడ్డులో సిగరెట్ కాల్చి, పక్కవాడి ఇల్లు తగలబెట్టిన కెప్టెన్‌కి హెల్మెట్ ఏమిటంటున్నారు. అలా జరగలేదని గ్లెనిస్ ఆంటీ వచ్చి చెబితే అది వేరు. ఆ మాట అన్నది ఆవిడే కదా" అన్నాడు.

అందుకే వచ్చాను, అవసరమైతే నీ కాళ్ళు పట్టుకుందామని. గేటు తీశాను, తీగ కనబడింది.

ఆ సీసా ఇలా ఇవ్వు. అవిసె నూనె. ఎప్పటినుంచి వాడుతున్నావు? మీ అమ్మ దగ్గర నేర్చుకున్నదా. సరే. గళ్ళుప్పుతో తుప్పు రాల్చడం, వేడినీళ్ళతో కడగడం, చెమ్మ లేకుండా మంట మీద ఆరబెట్టడం, పల్చగా నూనె రాయడం, రాసిందంతా మళ్ళీ తుడిచెయ్యడం, ఓవెన్లో బోర్లించి కాల్చడం. పోత ఇనుము నల్లగా నిగనిగలాడాలంటే అంతే. నీ పనికి నేనేనాడూ వంక పెట్టలేదు.

అన్నీ అంత పద్ధతిగా చేసి, తుడిచిన గుడ్డల్ని ఏం చేసేదానివి?

నేనే చెబుతాను. ఉండచుట్టి షెడ్డులో బల్ల కింద అట్టపెట్టెలో పడేసేదానివి.

చర్చి హాల్లో ఆడవాళ్ళందర్నీ కూర్చోబెట్టి మెర్వ్ చెప్పాడు, గుర్తుందా? "అవిసె నూనె గుడ్డలు ముద్దగా పడేయకండమ్మా. లోపల్లోపల వేడెక్కి వాటంతటవే అంటుకుంటాయి. అగ్గిపుల్ల అక్కర్లేదు" అన్నాడు. నేను ముందు వరసలో ఉన్నాను. ఏడో తరగతి దాటని నా బుర్రకే ఎక్కింది. నువ్వు వెనక వంటగదిలో కేకు కోస్తున్నావు. "ఆయన ఉపన్యాసాలు ఇంట్లో రోజూ ఉచితమే" అన్నావు. అందరం నవ్వాం. నేనూ నవ్వాను.

ఇక ఆ రోజు. ఎడారి మీంచి, కొలిమిలోంచి వచ్చినట్టు ఉత్తరపు గాలి. జిల్లా అంతా నిప్పు నిషేధం, పెరట్లో మాంసం కాల్చుకోవడానికి కూడా వీల్లేదు. షెడ్డు అంటుకుంది. దాన్నించి పక్కనున్న హాక్‌రిడ్జ్ వాళ్ళ ఇల్లు. మనుషులు బయటపడ్డారు, అది దేవుడి దయ. ఆ ముసలాయన మాత్రం మళ్ళీ అక్కడ గోడ లేపలేదు. కూతురి దగ్గరికి అడిలైడ్ వెళ్ళిపోయాడు.

ఎలా మొదలైందమ్మా అని ఆ విచారణకొచ్చినాయన నిన్ను అడిగినప్పుడు నేను నీ పక్కనే ఉన్నాను. మొహం నిండా మసితో మెర్వ్ ఎదురుగా ఉన్నాడు. నువ్వేమన్నావు?

"ఈమధ్య మళ్ళీ దొంగచాటుగా కాలుస్తున్నాడండి, షెడ్డులో."

నువ్వు చూశావా? చూడలేదు. అనుకున్నావు. అనుకున్నదాన్ని చూసినట్టు చెప్పావు. సిగరెట్ మానేసి రెండు వేసవులు దాటిన మనిషి మీద.

వాడు నీ వంక చాలాసేపు చూశాడు. తర్వాత "అవును" అన్నాడు.

ఆ అవును నన్ను ఇన్నేళ్ళూ తొలిచేసింది. నిప్పు లేనిదే పొగ రాదన్నారు ఊళ్ళో. మా తమ్ముడు అబద్ధమాడడు అనేదాన్ని. "ఆడడు కాబట్టేగా ఒప్పుకున్నాడు" అనేవాళ్ళు. నోరు మూసుకుని ఇంటికొచ్చేదాన్ని.

ఏమిటి? అప్పటికి నీకు గుడ్డల సంగతి తెలియదా? నిజంగా వాడే కాల్చాడనుకున్నావా?

సరే, నమ్ముతాను. మరి తెలిసిందెప్పుడు?

ఆ సాయంత్రమే. వాడే చెప్పాడా? ఇక్కడ, ఈ స్టవ్వు దగ్గర నిలబడి? గట్టిగా చెప్పు, వినబడటంలేదు. జాలీ మీద వేలు పెట్టి చూశాడు. ఇంకా జిగురుగా ఉంది. వేలు వాసన చూసుకున్నాడు. ఊఁ. తర్వాత?

"ఈసారి నుంచి గుడ్డలు విడివిడిగా తీగ మీద ఆరెయ్యి, గ్లెన్."

అంతేనా. ఒక్క తిట్టు కూడా లేదా.

ఉండు, నన్ను కూర్చోనీ.

అంటే ఆ రోజు పొద్దున అవును అనకముందు వాడు చూసింది నీ మొహం కాదు. నీ చేతులు. గోళ్ళ సందుల్లో నల్లగా నూనె. నిప్పులతోనే బతికిన మనిషి, మంట బల్ల కిందనుంచి లేచిందని వాడికి తెలియదా? తెలిసే నీ తప్పు నెత్తినేసుకున్నాడు. హెల్మెట్ తనే తీసుకెళ్ళి ఇచ్చేశాడు.

ఇది మంచితనమని నేను మెచ్చుకోను. వాడు ఆడింది కూడా అబద్ధమే. కానీ వాడు ఆ అబద్ధం నీకోసం ఆడాడు. నువ్వు ఎవరి కోసం నోరు మూసుకున్నావు?

మర్నాడు చెబుదామనుకున్నావా. మర్నాడు హాక్‌రిడ్జ్ ముసలాయన బూడిదలో తన పెళ్ళాం సూదిపెట్టె వెతుక్కుంటున్నాడు, ఆయన మొహం చూసి నోరు రాలేదు. ఆ వారం బ్రిగేడ్ వాళ్ళు గుమ్మంలోకొచ్చి మొహాలు తిప్పుకుని పోయారు, అప్పుడూ రాలేదు. అబద్ధం కూడా ఈ జాలీ మీద నూనె లాంటిదే గ్లెనిస్. మొదటి పూత గుడ్డతో తుడిస్తే పోతుంది. ఒకసారి కాల్చాక, మళ్ళీ రాసి మళ్ళీ కాల్చాక, ఇక ఇనుముకీ దానికీ తేడా ఉండదు.

వాడు పెరట్లో ఉన్న చక్రాల ఇల్లు, ఆ కారవాన్‌లోకి మారినప్పుడు నేను ఆడపడుచు బుద్ధితో నిన్నే అనుమానించాను, ఏదో గొడవపడి గెంటేసి ఉంటావని. గెంటలేదు కదూ. వాడంతట వాడే వెళ్ళాడు. అప్పటినుంచి ఈ స్టవ్వు మీద వండింది ఒక్క ముద్ద ముట్టలేదు. ఆ కారవాన్‌లోనే బుల్లి గ్యాసు పొయ్యి మీద డబ్బాలో చిక్కుళ్ళు వేడి చేసుకునేవాడు. శనివారాలు నేను మాంసం, దుంపలు పెట్టి పేస్టీలు చేసి తెస్తే, "ఉల్లిపాయ ఎక్కువేశావక్కా" అంటూనే మొత్తం తినేవాడు.

ఒక శనివారం వెళ్ళేసరికి మెట్టు మీద కూర్చుని సిగరెట్ కాలుస్తున్నాడు. నాకు ఒళ్ళు మండింది. "సిగ్గులేదురా, మళ్ళీనా" అన్నాను. "పేరు ఎలాగూ వచ్చేసిందక్కా. రుచి మాత్రం ఎందుకు పోగొట్టుకోవడం" అని నవ్వాడు. ఆ నవ్వుకి దగ్గు తగులుకుంది. ఆ దగ్గే వాణ్ణి వాలరూ ఆసుపత్రి దాకా తీసుకెళ్ళింది. అక్కణ్ణించి రేపటిదాకా.

ఏడవకు. ఏడిస్తే నీకు తేలిక, వాడికేం ఒరగదు.

ఫోను అదిగో, గోడకి. డారెల్ సాయంత్రం దాకా స్టేషన్లోనే ఉంటానన్నాడు. నేను చెబితే అక్క ప్రేమ అంటారు. నువ్వు చెబితే సాక్ష్యం. "గుడ్డలు నావి" అను చాలు. వాడి పేటిక మీద హెల్మెట్ ఉంటుంది. కుర్రాళ్ళు రెండు వరసల్లో నిలబడతారు. వాడికి ఇంకెవరూ ఏమీ ఇవ్వలేరు, నువ్వు ఇదొక్కటి ఇవ్వగలవు.

లే. లెమ్మంటున్నాను.

నీ చెయ్యి ఫోను వైపు వెళ్ళలేదు. గుడ్డ వైపు వెళ్ళింది.

ఏమంటున్నావు? రేపు టీకి అంతా వస్తారు, వాళ్ళ మొహాలు ఎలా చూడను, అంటావా?

చెప్పడం మరిచాను. చర్చి ఆడవాళ్ళు నాకు అప్పగించిన పని అది. రేపు పాతిపెట్టాక టీ ఇక్కడ కాదు, చర్చి హాల్లో. నిన్ననే అనుకున్నారు. హాక్‌రిడ్జ్ కూతురు వస్తోందట. నిప్పు పెట్టిన మనిషి పెరట్లో అడుగు పెట్టలేం, ఆ ఇంట్లో టీ గొంతు దిగదు అన్నారు. వాళ్ళకి గుడ్డల సంగతేమీ తెలియదు. నువ్వు చెప్పిన మాటే నమ్మారు. ఆ మాట వాడికి అంటించావనుకున్నావు, ఇంటికి అంటుకుంది.

కాబట్టి ఎవరూ రారు. కెటిల్ తియ్యక్కర్లేదు.

నేను వెళతాను. పేటిక బోసిగానే పోతుంది, దాని వెనక నేను నడుస్తాను. తీగ మీద గుడ్డలు నువ్వే తీసుకో.

ఆ జాలీ ఒకసారి వెలుగులో పెట్టి చూడు. ఒక్క మరక లేదు. ఏళ్ళ తరబడి దాని మీద ఒక్క చుక్క గ్రేవీ పొంగలేదు, పాలు పొంగలేదు. పొంగాలంటే తినే మనిషి ఉండాలి. ఊళ్ళో ఇంత శుభ్రమైన స్టవ్వు ఇంకెవరికీ లేదు గ్లెనిస్. ఇక తోము.