కళ్ళంలో చదివిన రిపోర్టు

అధ్యక్ష స్థానంలో ఉన్న మన డైరెక్టరు ధర్మారావు గారికీ, వేదిక మీది పెద్దలకూ, పొద్దుటి షిఫ్టు దిగి నేరుగా వచ్చి కూర్చున్న మిల్లు మిత్రులకూ, ముందు వరసలో నన్ను చూసి అప్పుడే ముసిముసిగా నవ్వుతున్న పక్క ఊరి రైతు సూర్యకాంతమ్మ గారికీ నమస్కారాలు.

ఇవాళ నేను రిటైరవుతున్నానని ఇందాకటి నుంచీ అందరూ నన్ను ఆకాశానికెత్తేశారు. దించేవాళ్ళు కనపడట్లేదు కాబట్టి నేనే దిగుతాను. (నవ్వులు)

నా ఉద్యోగమేమిటో మా ఆయనకే ఇప్పటికీ సరిగ్గా తెలీదు. ఏడాదికోసారి సస్టైనబిలిటీ రిపోర్టు రాయడం. అంటే మన గోనెసంచుల మిల్లు ఎంత నీరు వాడింది, ఎంత పొగ వదిలింది, చుట్టుపక్కల ఊళ్ళకిచ్చిన మాట నిలబెట్టుకుందా అని ఒక పద్ధతి ప్రకారం అడిగే ప్రశ్నలకు జవాబు చెప్పడమన్నమాట. అందులో ఒక ప్రశ్న నాకు మొదటినుంచీ ఇష్టం. మీ పని ప్రభావం ఎవరి మీద పడుతుందో వాళ్ళని అడిగారా, అని. అందుకే రిపోర్టు పంపేముందు తెలుగులో రాసుకుని పక్క ఊరి బడి వరండాలో చదివి వినిపించేదాన్ని.

ఒక ఏడాది 'ఊరి చివర ఖాళీ స్థలంలో రెండెకరాల పచ్చదనం' అని గర్వంగా చదివాను. జనం మొహమొహాలు చూసుకున్నారు. సూర్యకాంతమ్మ గారు లేచి, "మొక్కలు బాగున్నాయి గాని పద్మమ్మా, అది మా కళ్ళం. వరికుప్పలు ఎక్కడెయ్యమంటావు, మీ ఆఫీసులో ఎయ్యమంటావేటి?" అన్నారు. (నవ్వులు) నూర్పులైపోయాక కళ్ళం బోసిగా ఉంటుంది కదా, మార్చిలోపు ఖర్చు చూపించాలన్న తొందరలో మనవాళ్ళు అక్కడ మొక్కలు పాతేశారు. ముందే చెప్పలేదేమండీ అంటే, "మీరు అడగనేదు కదా! మొక్కలేస్తంటే వద్దంటామేటి, పాపం" అన్నారావిడ.

అప్పుడు మేనేజరుగా ఉన్న ధర్మారావు గారు, "ఆ లైను తీసేద్దాం, ఎవరు చూస్తారు?" అన్నారు. లైను తీసేస్తే మొక్కలు పోవు కదండీ, పొరపాటు జరిగితే ఎలా సరిదిద్దారో రాయడానికి అందులోనే చోటుందండీ, అన్నాను. ఆయన మొహం మాడ్చుకున్నారు. సాయంత్రం మాత్రం ఎవరికీ చెప్పకుండా వెళ్ళి కళ్ళం చూసొచ్చి, జరిగింది జరిగినట్టు రాయమని సంతకం పెట్టారు. వానలకు మొక్కలు మన ప్రహరీ పక్కకి వచ్చాయి, కోతలకు కుప్పలు కళ్ళంలోకి వెళ్ళాయి. సార్, అంతవరకూ మీరంటే భయమే ఉండేది, ఆ రోజు నుంచి గౌరవం కూడా. (చప్పట్లు) మరుసటేడు నుంచి రిపోర్టు కళ్ళంలోనే చదువుతున్నాం.

తృప్తిగా వెళ్తున్నాను. ఒక్కటే బెంగ. ఇకమీదట రిపోర్టు హెడ్డాఫీసులో కంప్యూటరే తయారు చేస్తుందట. మంచిదే, లెక్క తప్పదు. కానీ దానికీ కళ్ళం ఖాళీ స్థలంలాగే కనిపిస్తుంది. నిన్న సూర్యకాంతమ్మ గారు గేటు దగ్గర ఆపి, "నువ్వెల్లిపోతే మాకెవులు సదివినిపిస్తారు?" అన్నారు.

అందుకని సార్, ఈ శాలువాతో పాటు ఇంకొకటి అడుగుతున్నాను. రిపోర్టు కంప్యూటరే రాసినా సరే, నా సీట్లోకి వస్తున్న ఝాన్సీ కూడా దాన్ని పంపేముందు కళ్ళంలో చదవాలి. అదిగో, అధ్యక్షులు తలూపారు. అందరూ చూశారు కదా? ఝాన్సీ, మినిట్స్‌లో ఎక్కించమ్మా, మళ్ళీ లైను తీసేస్తారు. (నవ్వులు, చప్పట్లు)

ఇన్నాళ్ళూ నన్ను భరించిన మీ అందరికీ కృతజ్ఞతలు. ఈసారి నేను సూర్యకాంతమ్మ గారి పక్కన మన గోనెపట్టా మీద కూర్చుని వింటాను. గట్టిగా చదువు ఝాన్సీ, నేనూ లేచి అడుగుతాను. సెలవు.