జడ అడ్డొచ్చిందని

ఆదివారం సీతమ్మధార ఇంట్లో అమ్మమ్మ, మామయ్య, నేను ఉన్నాం. మామయ్య లేబ్ నుంచి తెచ్చిన వైర్ల టోపీ నా తలకి పెట్టించి, మాటలు బట్టీ పట్టించి, బుర్రలో సిగ్నల్ ఎటు నుంచి ఎటు పోతోందో కొలిచాడు.

"గుర్తు తెచ్చుకున్నప్పుడు అందరికీ నుదుటి నుంచి వెనక్కెళ్తాది. దీనికి వెనక నుంచి ముందుకొస్తంది. పల్లెటూరి బుర్ర, అమ్మా! కాలేజీ దండగ, తిరిగి పద్మనాభం ఊరికి పంపీ," అన్నాడు మామయ్య.

"టోపీ ఎవులు పెట్టార్రా?" అంది అమ్మమ్మ.

"నువ్వే కదేటి?"

"జడ అడ్డొచ్చిందని వెనకది ముందుకి తిప్పి పెట్టాను. నాను సెప్తే నువ్వు కంప్యూటర్లోంచి తలెత్తావా?"

"ఏటీ?"

"టోపీకే ముందూ వెనకా తెలీనోడివి, పిల్ల బుర్రకి సెప్తావేట్రా?"

"జడ విప్పుకుని మళ్ళీ కూర్చోనా, మామయ్యా?" అన్నాను.

మామయ్య గదిలోకెళ్ళి నా మొహం మీదే తలుపేసుకున్నాడు. టోపీ మాత్రం నా చేతిలోనే ఉంది.