వెంకటస్వామి గారు కోసిన వల

ఆ తేదీ మాత్రం నాకు స్పష్టంగా గుర్తుంది. 1952 జూలై ఏడున శ్రీ వెంకటస్వామి గారు బదిలీ కోరుకుని ధర్మవరంలోని మా మత్స్యశాఖ కార్యాలయంలో చేరారు. సముద్రం మధ్య దీవిలో పుట్టిన మనిషి, వాన కోసం ఆకాశం చూసే ఈ నేలకు కోరి ఎందుకు వచ్చారన్నదే చాలా ఏళ్ళు నాకు అంతుపట్టలేదు.

కృష్ణ సముద్రంలో కలిసే చోట, బందరు దాపున వారి దీవి. తాతల కాలంలో తెప్పల మీద, తీరం కనిపించినంత దూరమే వెళ్ళేవారట. తండ్రుల కాలానికి తెరచాప పడవలు లోతు నీళ్ళకు చేరాయి. ఇప్పుడు నైలాను వలలు, ఇంజను పడవలు. ఈ చరిత్ర ఎంతో ఇష్టంగా చెప్పేవారు. తాము సముద్రం మీదికి వెళ్ళిన ఊసు మాత్రం ఎత్తేవారు కారు.

హిందూపురం, పెనుకొండ ప్రాంతాల చెరువుల్లో చేపపిల్లలను పెంచడంలో మొదటి పదేళ్ళు గడిచాయి. తరువాత బుక్కపట్నం చెరువు నిండిన ఏడు, నడినీళ్ళలో నైలాను వల వేయించే బాధ్యత వారికి అప్పగించారు. బెస్తలు ఒప్పుకోలేదు. అడుగున తుమ్మ మోళ్ళున్నాయి. చిక్కుకుంటే నూలు వల తెగి, మేము ఎక్కే గుండ్రటి బుట్టపడవను, పుట్టిని, వదిలేస్తుంది, ఇది వదలదన్నది వారి భయం. తన కొడుకు ముత్యాలప్పను పంపడానికి జంకుతూనే గంగాదేవి అనే బెస్తామె, "సముద్రం ఇడ్సిపెట్టి మా చెరువుకొస్తివే అప్పా, ఆడ చేపలయిపోయినాయా?" అని ఎకసెక్కమాడింది.

వెంకటస్వామి గారు తామే ముత్యాలప్పతో పుట్టి ఎక్కారు. వారితో నేనూ ఉన్నాను. వల మోడుకు పట్టుకుంది. పుట్టి ఒరిగి లోపలికి నీళ్ళు వచ్చాయి. ముత్యాలప్ప తాడు విడవడు. వెంకటస్వామి గారు కత్తి తీశారు.

"సర్కారు వల సామీ, కొయ్యాకు. నీ కొలువు పోతాది."

"పోనీవయ్యా" అని కోసేశారు.

పైవారు సంజాయిషీ అడిగారు, ఇచ్చారు. ఆనాటి నుంచి పుట్టికీ వలకూ మధ్య బలం తక్కువైన నూలుతాడు కట్టించారు. చిక్కుకుంటే ఆ తాడే తెగుతుంది. బెస్తలు నడినీళ్ళకు వెళ్ళసాగారు.

వల కోసిన నాటి సాయంత్రమే నాకు చెప్పారు. దీవి నుంచి తండ్రితో కలిసి అన్నదమ్ములిద్దరూ లోతు నీళ్ళకు వెళ్ళినప్పుడు అన్నగారు వల తాడు నడుముకు కట్టుకున్నారు. వల ఎక్కడో పట్టుకుని ఆయన్ను నీళ్ళ అడుగుకు లాగేసింది. తండ్రి చేతిలో కత్తి ఉంది. "మా అయ్య చెడ్డవాడు కాదండీ. ఒక్క క్షణం వల వంక చూశాడు, అంతే." ఆ తరువాత వెంకటస్వామి గారు సముద్రం మొహం చూడలేదు.

అన్నగారి కొడుకు ఇప్పుడు ఇంజను పడవ కొన్నాడు. దీవికి వచ్చి తమతో ఉండమని ఏడాదిగా అడుగుతున్నాడు. వీరు చూద్దామని దాటవేస్తూ వచ్చారు.

ఈ పదవీ విరమణ వేళ, వారు భయాన్ని జయించారని నేను రాయను. ఆ భయాన్ని వెంటబెట్టుకునే ఇందరి ప్రాణాలు కాపాడారు. వారూ శ్రీమతి అన్నమ్మ గారూ నిండు ఆరోగ్యంతో, కంటినిండా నిద్రతో చిరకాలం జీవించాలని మా అందరి ఆకాంక్ష.

నిన్న వారి వెంట ధర్మవరం స్టేషనుకు వెళ్ళాను. టికెట్ల కిటికీ దగ్గర వెనకవాళ్ళను ఇద్దరిని ముందుకు పోనిచ్చారు. తరువాత వంగి, బందరుకు రెండు టికెట్లు అడిగారు.