నిదానం సొరుగు

1989 జూన్ 12, సోమవారం ఉదయం, ఈరోజు రిటైరవుతున్న మా సార్ ఈ జనన మరణాల నమోదు కార్యాలయంలో గుమాస్తాగా చేరారు. నేను అప్పటికి రెండేళ్లుగా అక్కడ రికార్డులు మోస్తున్నాను. మేడ మీద ఒకటే గది, మూడు బల్లలు, కాళ్లకు తగిలే కాగితాల కట్టలు. బిడ్డ పుట్టిన కాగితం బిడ్డ నడక నేర్చాక చేతికొచ్చేది. పోయినవారి కాగితం కోసం ఇంటివాళ్లు నలభై రోజులు మా మెట్లెక్కి దిగేవాళ్లు.

మొదటి వారంలోనే ఆయన తన బల్లను కిటికీ దగ్గర నుంచి గోడ వైపుకు తిప్పుకున్నారు. వీధి కనిపిస్తే కన్ను వీధిలోనే ఉంటుందన్నారు. రోజూ తీసే రిజిస్టర్లను చెయ్యి చాచితే అందేచోట పెట్టించారు. ఏడాదికొకసారి తీసేవాటిని అటకెక్కించారు. కలానికి దారం కట్టి కౌంటరుకు వేలాడదీశారు. అంతకు ముందు రోజూ గంటసేపు మేము కలమే వెతికేవాళ్లం. సాయంత్రం అయిదింటికి ఆయన బల్ల మీద ఒక్క కాగితం మిగిలేది కాదు. అటెండరు ఆయనకు ఖాళీబల్ల అని పేరు పెట్టాడు. ఎదుటపడితే మాత్రం చివర గారు తగిలించేవాడు.

1996లో సీనియరు అయ్యాక ఆయన మా అందరికీ చీటీ అలవాటు చేశారు. ఉదయం రాగానే చీటీ మీద మూడు పనులు రాసుకోవాలి. మూడూ అయ్యేదాకా కుర్చీ దిగకూడదు. నాలుగోది గుర్తొస్తే వేరే చీటీ మీద రాసి బల్ల అడుగు సొరుగులో వేయాలి. ఆ సొరుగుకు నిదానం అని అట్టముక్క మీద రాసి అంటించారు. నెలాఖరున దాన్ని తెరిచి చూసుకోవాలి. అప్పుడు ఆయన ప్రతిసారీ ఒకే మాట అనేవారు.

"చూశావా, సగం పనులు వాటంతట అవే తీరిపోయాయి."

ఒకసారి బల్ల మీద ఉండకూడదని తన అన్నం క్యారియరునే ఆ సొరుగులో పెట్టి మరిచిపోయారు. క్యారియరు ఏమైందని ఇంట్లో ఆయన భార్య, మా అందరికీ అక్కగారు, వారం రోజులు అడిగారు. నెలాఖరున సొరుగు తెరవగానే గది మొత్తం మెట్ల మీదకు పరుగెత్తింది. ముక్కు మూసుకున్న అటెండరు, ఇదొక్కటీ దానంతట అది తీరలేదు సార్ అన్నాడు. అందరికంటే ఎక్కువగా నవ్వింది ఆయనే.

2004లో హెడ్ క్లర్కు అయ్యారు. రెండేళ్లలో పాత బకాయి దరఖాస్తు ఒక్కటీ లేకుండా చేశారు. నలభై రోజుల పని నాలుగు రోజులకు, తర్వాత అరగంటకు దిగింది. నేను పల్లెటూరి బడిలో పదో తరగతి గట్టెక్కినవాణ్ణి. పని ఎలా చేయాలో నాకు నేర్పింది ఆయనే. ఈ మాట వెనక్కి తీసుకోను.

ఆ పద్ధతిని నేను ఇంటికి కూడా తీసుకుపోయాను. ముందుగదిలో వెలుతురుకు వేసుకున్న నా భార్య కుట్టుమిషనును, చప్పుడుకు మనసు చెదురుతోందని వెనకగదిలోకి తోయించాను. ఆమె అక్కడ లైటు వేసుకుని కుట్టుకుంది. మెట్లెక్కితే ఆయాసం వస్తోందని, ఒకసారి పెద్ద డాక్టరుకు చూపించమని ఆ రోజుల్లోనే అడిగింది. రాసుకుంటానన్నాను. రాసుకున్నాను. అప్పటికే మూడు వరుసలు నిండాయి. ఆమెది నాలుగోది, ఆఫీసులో నా సొరుగులోకి వెళ్లింది.

నెలాఖరున తీసి, మళ్లీ రాసి, మళ్లీ వేశాను. ఆ తర్వాతి నెలా అంతే. ఆరో నెలకు డాక్టరు అని ఒక్క మాటే రాశాను. అలవాటైన చెయ్యి అక్షరాలు కూడా పొదుపు చేస్తుంది. మరోసారి గుర్తుచేసినప్పుడు సొరుగులో ఉందిలే అన్నాను.

"నన్ను కూడా అందులోనే పడేయండి. తాళం మాత్రం వేయకండి, గాలాడదు."

నవ్వుతూనే అంది. నేనూ నవ్వాను.

పదో నెలలో రాసే అవసరం లేకపోయింది. ఆ పని దానంతట అదే తీరిపోయింది.

ఆమె పోయిన నాలుగో రోజున దరఖాస్తు పట్టుకుని నా ఆఫీసు కౌంటరు ముందే, అవతలి వైపున నిలబడ్డాను. ఆయన లేచి వచ్చి దరఖాస్తు తానే తీసుకున్నారు. తన చేత్తో రిజిస్టరులో ఎక్కించారు, ముద్ర వేశారు, సంతకం పెట్టారు. అరగంట కూడా పట్టలేదు. అంతా ఆయన పద్ధతి పుణ్యమే. నేను నా సొరుగు తెరిచి తొమ్మిది చీటీలూ తెచ్చి ఆయన బల్ల మీద వరుసగా పేర్చాను.

మొదటి చీటీ నుంచి తొమ్మిదో చీటీ దాకా చదివారు.

"ఇది ఈ సొరుగులో వేసేది కాదయ్యా."

"ఏది వేయకూడదో మీరెప్పుడూ చెప్పలేదు సార్."

అయిదయింది. ఆయన బల్ల సర్దకుండానే వెళ్లిపోయారు. మర్నాడూ ఆ చీటీలు అక్కడే ఉన్నాయి, ఆ మర్నాడూ ఉన్నాయి. తుడవడానికి అటెండరు చెయ్యి పెట్టలేదు. మూడో రోజు నేనే తీసుకున్నాను. అప్పటికి ఆయన సొరుగు మీది అట్టముక్క లేదు. తడిగుడ్డతో రుద్దినా వదలని జిగురు మరక ఇప్పటికీ ఉంది.

ఆయన వీడ్కోలుకు వేస్తున్న ఈ సంచికకు నన్ను రాయమన్నది కూడా ఆయనే. తీపి మాటలకు నలుగురున్నారు, నువ్వు రాయి అన్నారు. అందుకే రాస్తున్నాను. నేను ఆయనను క్షమించలేదు. సొరుగు ఆయన చూపించారు. అందులో ఏం వేయాలో నేనే ఎంచుకున్నాను కనుక, నన్నూ క్షమించుకోలేదు.

పోయిన నెల ఒక పని మీద వాళ్లింటికి వెళ్లాను. అక్కగారు గ్లాసు అందిస్తుంటే చెయ్యి వణికి నీళ్లు ఒలికాయి. కుడిచెయ్యి ఏడాదిగా తిమ్మిరెక్కుతోందట.

"మీ సార్ రిటైరయ్యాక చూపిద్దామన్నారు బాబూ. ఇంకెంత, నెలేగా."

ఆయన తల దించుకున్నారు. అట్టముక్క తీసేసినంత మాత్రాన సొరుగు పోదని అప్పుడు నాకు అర్థమైంది.

అయ్యా, రేపటి నుంచి మీకు రాయాల్సిన పనులేవీ ఉండవు. అయినా పొద్దున్నే చీటీ తీస్తారు, నాకు తెలుసు. అందులో ఒక్క వరుసే రాయండి. అక్కగారి చెయ్యి అని రాయండి. ఆమెను డాక్టరుకు చూపించి ఇంటికి వచ్చేదాకా రెండో వరుస రాయకండి.

మీరు ఆరోగ్యంగా ఉండాలి, చాలాకాలం ఉండాలి. ఆమె కూడా అలాగే ఉండాలి. మీ ఇద్దరి ఆయుష్షూ సమంగా ఉండాలని కోరుతున్నాను. ఒకరికే ఎక్కువైతే, ఆ మిగిలింది ఏ సొరుగులోనూ పట్టదు.