ఎర్ర తాడు

రేవులో పడవ మోటారుతో అతను పొద్దుటినుంచీ తంటాలు పడుతున్నాడు. గట్టుమీద అక్క నిలబడి ఉంది.

"బ్యాటరీ తీగలు గీకాను, ఫ్యూజు మార్చాను. తిరగడం తిరుగుతుంది గానీ స్టార్టవదు! దీని దుంపతెగ!"

"ఆ ఎర్ర తాడు చేతికి కట్టుకున్నావా?"

"మనిషి పడిపోతే మోటారు ఆపే తాడు ఇప్పుడెందుకక్కా? దాని క్లిప్పు పెడితేగానీ మోటారు స్టార్టవదని, ఆ చోట చెక్కముక్క దోపి ఏడాదైంది."

"ఆ చెక్కముక్కను నేనే పీకి పొయ్యిలో పడేశాను."

"నీకేమైనా పిచ్చా? పొద్దంతా చంపావు కదా!"

"మొన్న నువ్వు నీళ్ళలో పడితే, ఆగని పడవ నీ చుట్టూ ఎన్నిసార్లు తిరిగిందిరా?"

"ఏమో... ఎవడు చూశాడు?"

"ఆరుసార్లు. ఇక్కడే నిలబడి లెక్కపెట్టాను."

అతను స్పానరు కింద పెట్టి, ఎర్ర తాడు తీసి ఆమెకిచ్చి, ఎడమచెయ్యి చాపాడు.